ఇనుము మాత్రమే సత్యమా?

ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకమహర్షి తన కుమారుడైన శ్వేతకేతువునకు తత్త్వము నుపదేశింపబూని మూడు దృష్టాంతములు చూపెను: మట్టి, బంగారము, ఇనుము. మొదటి రెండును మన ప్రవచనకర్తల నోట నిత్యము నలుగుచుండును. కుండయు నగయు ఎఱుగని యిల్లు లేదు గనుక శ్రోతకు అవి వెంటనే అందును. మూడవదానిని, అనగా గోళ్లు తీసికొను ఒక్క చిన్న యినుప పనిముట్టు తత్త్వ మెఱిగినచో ఇనుముతో నైన సమస్తవస్తువుల తత్త్వమును ఎఱిగినట్లే యను మాటను, వారు తొందరగా దాటిపోవుదురు. భిలాయిలో కాపురమున్నవానికి అట్లు దాటిపోవుట సాధ్యము కాదు. 1955లో సోవియట్ దేశముతో కుదిరిన ఒప్పందము ననుసరించి వెలసి, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాదు చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేసు ప్రారంభమైన నాటినుండి, ఈ యూర దల్లీ-రాజహరా కొండల ఎఱ్ఱని ముడిరాయి కరగి, ఒకచోట రైలుపట్టాయై, మఱియొకచోట మందపు ఉక్కుపలకయై, వేఱొకచోట సన్నని కమ్మియై వెలువడుచునే యున్నది. అరిగిన పట్టా, విరిగిన పండ్లచక్రము, ఎవరిదో తెలియని ఇనుపపెట్టె, అన్నియు తుక్కుగా మారి మరల ద్రవములో పడినపుడు వాని పూర్వనామము నడుగువాడు లేడు. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములనుండి ఇక్కడికి పనికి వచ్చి స్థిరపడిన కుటుంబములలో ఉపనిషత్తు చదువని వాడైనను, ఆకారములు మాఱును, ఇనుము మాఱదు అన్న మాటను తన కండ్లతోనే చూచినవాడు.

ఈ దృష్టికి పూర్తిగా ఎదురుగా నిలుచు విద్య యొకటి కలదు. అది పురాతనాయుధముల పరీక్ష. కిలో బరువునకు కొంచెము పైబడిన ఒక వెబ్లీ రివాల్వరును కొలిమి యెదుట పెట్టినచో అది కిలో తుక్కు. దానినే పరీక్షకుని బల్లమీద పెట్టినచో అతనికి ఇనుముతో పని లేదు. నామము, రూపము, వాని చరిత్ర, ఇవియే సర్వస్వము. ఏ కర్మాగారములో పుట్టినది, ఏ సంవత్సరము, దాని భాగములన్నియు కలిసి పుట్టినవేనా, దానిమీది పూత తొలినాటిదేనా, ఎవరైన మరల పూసినదా, ఇవి అతని ప్రశ్నలు. పరమార్థమున నామరూపములు మిథ్యయని వేదాంతము పలుకుచుండగా, నామరూపములయందలి సత్యాసత్యములను ఇంత పట్టుదలతో వెదకు ఈ విద్యకు తత్త్వదృష్టిలో ఏమైన విలువ కలదా? వేదాంతమును నమ్మినవాడనై యుండియు నేను పరీక్షకుని పక్షముననే మాటాడదలచితిని.

అమెరికాలోని నేషనల్ రైఫిల్ అసోసియేషను పురాతనాయుధములకు ఏర్పఱచిన శ్రేణులను చూచినవారికి మొదట ఆశ్చర్యము కలుగును. భాగములన్నియు అసలువై, తొలిపూతలో నూటికి 80 పాళ్లకు పైగా నిలిచియున్నది ‘ఎక్సలెంట్’; 30 పాళ్లకు పైగా నిలిచినది ‘ఫైన్’. దాని క్రింది ‘వెరీ గుడ్’ శ్రేణిలో పూత 30 పాళ్ల లోపు ఉండవచ్చును, అసలే లేకపోవచ్చును. కాని భాగములన్నియు తనవే కావలెను. ఒకటి రెండు చిన్న భాగములు మాఱినదియు, తుడిచి మరల నీలిపూత పూసినదియు ఆ తరువాతి ‘గుడ్’ శ్రేణికి దిగిపోవును. అనగా, ఒక్క చుక్క పూతయైన మిగులక బూడిదవర్ణము దాల్చిన తుపాకి, మరల పూత పూయబడి నిన్ననే దుకాణములో కొన్నట్లు మిలమిలలాడు తుపాకికంటె పై మెట్టున నిలుచును. స్థితి వేఱు, నిజత్వము వేఱు. స్థితిని మనుష్యుడు మెఱుగుపఱుపగలడు గాని నిజత్వమును ఒకసారి పోగొట్టుకొన్న పిమ్మట ఏ పనివాడును తిరిగి చేయలేడు. పైగా, స్థితిని మెఱుగుపఱుచుటకు చేయు ప్రయత్నమే తఱచుగా నిజత్వమును హరించుచున్నది.

పరీక్ష యెట్లు సాగునో కొంత దగ్గఱగా చూడవలెను. నీలిపూత యనగా రంగు కాదు. నునుపుచేసిన ఉక్కు ఉపరితలమే వేడిమిచేతనో రసాయనములచేతనో పలుచని పొరగా మాఱి నల్లనీలిఛాయ దాల్చును. అది అరుగుట కొక న్యాయము కలదు. తోలు ఒరలో పెట్టుచు తీయుచు నుండుటచే గొట్టపు కొనయంచులు ముందు తెల్లబడును. అరచేయి తగులు పిడి వెనుకటి పట్టీ తరువాత తెల్లబడును. మీట చుట్టునున్న వలయము లోపలి మూలలలోను, సిలిండరు మీది పొడవాటి గాడులలోను పూత చివరివఱకు దాగియుండును. సిలిండరు తిరిగినపుడెల్ల దానిని నిలుపు చిన్న మేకు రాచుకొని చుట్టును ఒక సన్నని గీత పడును. ఈ క్రమము తప్పి, అంచులు నల్లగా నుండి మూలలు అరిగియున్నచో, లేక లోపలి యంత్రము వదులై యుండగా సిలిండరుమీద గీతయే లేనిచో, పరీక్షకుడు భూతద్దము తీయును. అచ్చుగా కొట్టిన అక్షరముల అంచులు ముట్టుకొన్న వ్రేలికి తగులునట్లు పదునుగా నుండవలెను. మెఱుగుచక్రము క్రింద పెట్టినచో అవి కరిగిన మైనమువలె మెత్తబడును. మరమేకుల రంధ్రముల చుట్టు పల్లములు పడును. అన్నిటికంటె నిశ్చయమైన సాక్ష్యము తుప్పు తిన్న గుంటలది: గుంట అడుగున గూడ మెఱయుచున్న నీలిపూత కనబడినచో, తుప్పు ముందు వచ్చినది, పూత తరువాత వచ్చినది. ఆ పైన సంఖ్యలు. 1873లో వెలువడిన కోల్టు సింగిల్ యాక్షను రివాల్వరులో చట్రముమీదను, మీట వలయముమీదను, పిడి వెనుకటి పట్టీమీదను ఒకే సంఖ్య యుండవలెను. మూడింటిలో ఒకటి భిన్నమైనచో ఆ భాగము వేఱొక తుపాకి శరీరమునుండి వచ్చినదన్నమాట.

ఇక్కడ మన దార్శనికులు పరీక్షకుని చుట్టు మూగుదురు. చక్రములు రథము కాదు, ఇరుసు రథము కాదు, నొగ రథము కాదు, వీని సముదాయమునకు పెట్టిన వ్యవహారనామమే రథమని యవనరాజగు మిళిందునితో వాదించిన నాగసేనుడు మొదట వచ్చును. అతని దృష్టిలో ‘అసలైన రివాల్వరు’ అన్న పదార్థమే లేదు. గొట్టము, సిలిండరు, పిడి, ఇంతే. నైయాయికుడు అతనిని తోసిపుచ్చి, అవయవములకంటె భిన్నమైన అవయవి యొకటి కలదనును. కాని అవయవము తొలగినచో పూర్వపు అవయవి నశించి క్రొత్తది పుట్టునని గూడ అతడే అంగీకరించును. కావున సంఖ్య కలవని సిలిండరు బిగించిన క్షణమున క్రొత్త తుపాకి పుట్టినట్లే. ‘అదియే యిది’ యను ప్రత్యభిజ్ఞను ప్రమాణముగా చూపినవారికి బౌద్ధులు రెండు సమాధానములు సిద్ధముగా నుంచుకొనిరి: దీపశిఖ క్షణక్షణము వేఱైనను మనకు ఒక్కటిగా తోచుచున్నది, కత్తిరించిన గోళ్లు, వెంట్రుకలు మరల పెరిగినపుడు అవియే యివి యని భ్రమించుచున్నాము. మరల పూసిన నీలిపూత సరిగా ఆ పెరిగిన గోరు. పోలిక యున్నది, ఏకత్వము లేదు. పాత తుపాకులను పరీక్షించువాడు కన్నును నమ్మక, గుంట అడుగునకు పోయి చూచుట యెందులకో ఈ బౌద్ధవాదము చదివినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయితే మాఱిన ప్రతిదియు నకిలీ యగునా? భిలాయి తెలుగువారికి పూరీ దూరపు క్షేత్రము కాదు. ఉత్తరాంధ్రమునుండి వచ్చినవారికి అది ఇంటిదేవుని క్షేత్రమే. అక్కడ జగన్నాథుని దారుమూర్తి జీర్ణమైనపుడు, అధికాషాఢము వచ్చు కొన్ని సంవత్సరములలో, నవకళేబరోత్సవము జరుగును. 1996లో జరిగినది, మరల 2015లో జరిగినది. లక్షణములు చూచి వేపచెట్లను ఎంచుట, క్రొత్త మూర్తులను చెక్కుట, పాతమూర్తి హృదయమునందలి బ్రహ్మపదార్థమును కండ్లకు గంతలు కట్టుకొన్న సేవకులు రాత్రివేళ క్రొత్తదానిలోనికి మార్చుట, పాతమూర్తులను కొయిలి వైకుంఠమున భూస్థాపితము చేయుట, ఇదంతయు శాస్త్రోక్తముగ నడచును. కొయ్య మాఱినది, దేవుడు మాఱలేదు. ఏ భక్తుడును 2015 నాటి జగన్నాథుని నకిలీ యనడు. ఎందుచేత? మార్పు జరిగినదని లోకమంతటికి తెలియును గనుక. అధికారమున్నవారే చేసిరి గనుక. పాతదానికి మర్యాదతో వీడ్కోలు జరిగినది గనుక. రహస్యమంతయు పదార్థమును మార్చు ఆ ఒక్క ఘడియలోనే, మార్పులో లేదు. మన ఆగమములలోని జీర్ణోద్ధారణవిధి తాత్పర్యమును నాకు తెలిసినంతవఱకు ఇదియే.

ఆయుధములలోను ఇట్టి సాధికారమైన మార్పు కలదు. బ్రిటిషు ప్రభుత్వము తన ఆయుధములమీద బాణపుమొనవంటి గుర్తు కొట్టెడిది. సైన్యమునుండి విడుదల చేసి అమ్మివేసినపుడు మొన కెదురుగా మఱియొక మొన కొట్టెడిది. సేవలోనికి వచ్చినది సత్యము, సేవనుండి పోయినది సత్యము; రెండును ఉక్కుమీదనే వ్రాసియుండును. 1915లో సైన్యము స్వీకరించిన వెబ్లీ ఆఱవ మార్కు రివాల్వరు ఆయుధశాలకు మరమ్మతునకు పోయి వచ్చినచో ఆ గుర్తులు గూడ దాని జాతకములో భాగమే. వానివలన దాని గౌరవము తగ్గదు. కాని తరువాతి కాలమున అమెరికాకు అమ్ముడైన వేలకొలది వెబ్లీల సిలిండరు వెనుకభాగమును, అక్కడ సులభముగ దొరకు తూటాలకు సరిపోవునట్లు, తరిమెన పట్టి తగ్గించివేసిరి. ఆ మార్పు చేసినవారికి మోసపుచ్చు తలంపు లేదు. వారికి కావలసినది పేలు తుపాకి. దానిని నేను నిందింపను. ఆ తరిగిన సిలిండరును మరల అతికి అసలుదని అమ్మజూపు వాని పని మాత్రము వేఱు.

ఈ భేదమును అద్వైతులు చక్కగా విడదీసి పెట్టిరి. అవిద్యకు రెండు శక్తులు: ఉన్నదానిని కప్పు ఆవరణము, లేనిదానిని చూపు విక్షేపము. త్రాడు కనబడకపోవుట ఆవరణము. పాము కనబడుట విక్షేపము. లోతునకు దిగని తుప్పు, మడ్డి, పైరంగు, ఇవి ఆవరణములు. తొలగింపవచ్చును, తొలగించినపుడు క్రింద నున్నది యున్నట్లే దొరకును. అరిగిన అక్షరములను మరల చెక్కుట, సంఖ్యను మార్చి కొట్టుట, లేని వీరుని పేరు పిడిమీద చెక్కించుట, ఇవి విక్షేపములు. మన దేశపు 1959 నాటి ఆయుధచట్టము గూడ తుపాకిమీది గుర్తింపుసంఖ్యను చెఱపుటను, మార్చుటను, నకిలీది కొట్టుటను ప్రత్యేకముగ నిషేధించినది. తుప్పు పట్టించుటను నిషేధింపలేదు. చట్టము వ్రాసినవారు వేదాంతము తలంచి వ్రాయలేదు గాని, విషయము పట్టుకొన్నారు.

ఆవరణమునకు ఒక్క ఉదాహరణము చెప్పక తప్పదు. అది మనకు దగ్గఱలోనే జరిగినది. 1928 డిసెంబరు 17న లాహోరులో సాండర్సు అను పోలీసు అధికారి హత్యలో భగత్‌సింగు వాడిన .32 కోల్టు పిస్తోలు, రివాల్వరు కాదు గాని పరీక్ష అదియే, పంజాబులోని ఫిల్లౌరు పోలీసు శిక్షణాలయములో నుండి, 1960ల చివర ఇందౌరునకు, సరిహద్దు భద్రతాదళపు ఆయుధశిక్షణకేంద్రమునకు చేరెను. ఇందౌరు, భిలాయి ఆనాడు ఒకే మధ్యప్రదేశములోనివి. అక్కడ అది ఇతరాయుధములతో గూడ ప్రదర్శనశాలలో పెట్టబడి, తుప్పు రాకుండ నల్లరంగు పూతలు పూయబడి, పేరు లేని తుపాకులలో నొకటియై దాదాపు అర్ధశతాబ్దము గడపెను. 2016 ప్రాంతమున దానికై వెదకినవారు రంగు గీకి చూచునప్పటికి క్రింద 168896 అను సంఖ్య బయటపడెను. లాహోరు కుట్రకేసు రికార్డులలో వ్రాసియున్న సంఖ్య అదియే. 2017లో దానిని పంజాబునకు, హుసైనీవాలాకు చేర్చిరి. రంగు పూసిన చేతులను తప్పు పట్టుట అన్యాయము. వారు దానిని రక్షించిరి; ఎవరో మెఱుగుచక్రమునకు పెట్టి సంఖ్యను అరగదీసి యుండినచో, అది ఏనాటికిని ఎవరిదో తేలెడిది కాదు. ఆఱంకెల సంఖ్యయు, ఒక కోర్టు కాగితమును కలిసి, దేశము పూజించు వస్తువును వేయి తుపాకులలోనుండి వేఱుచేసినవి.

ఆ ఘటనలో నన్ను ఇప్పటికిని కలచు విషయము మఱియొకటి కలదు. వస్తువు గుర్తింపులో, దశాబ్దముల పిమ్మట, రంగుపొరల క్రింద గూడ పొరపాటు జరుగలేదు. మనిషి గుర్తింపులో, పట్టపగలు, ఎదురుగా జరిగినది. విప్లవకారులు గుఱిపెట్టినది లాలా లజపతిరాయి మీద లాఠీప్రయోగమునకు కారకుడైన స్కాటును. బయటికి వచ్చినవాడు స్కాటే యని సంజ్ఞ చేయవలసినవాడు పొరబడెను, వచ్చినవాడు సాండర్సు. ‘అతడే యితడు’ అన్న ప్రత్యభిజ్ఞ పోలికమీద ఆధారపడి తప్పిపోయినది. తరువాత వారిని వెంబడించిన చనన్‌సింగు అను హెడ్ కానిస్టేబులు, మన దేశమువాడే, విప్లవకారులలో నొకడగు ఆజాదు చేతి తుపాకికి బలియయ్యెను. భగత్‌సింగు త్యాగమునకు నేను శిరసు వంచుదును. ఆ శిరసు వంచుటలో సాండర్సు, చనన్‌సింగు పేర్లు చెఱిపివేయవలసిన అవసరము నాకు కనబడదు. పిస్తోలు ముందు పెట్టు ఫలకముమీద సంఖ్య యెంత నిష్కర్షగా వ్రాయుదురో, ఈ పేర్లు గూడ అంత నిష్కర్షగా వ్రాయవలెను. గుర్తింపు విద్యయంతయు లోహమునకే వినియోగించి మనుష్యునివద్ద ఆపివేయుట ధర్మము కాదు.

ఆయుధముల విలువకట్టుటలో నొక విచిత్రము కలదు, దానిని పరీక్షకులు ఎన్నడును విచారించినట్లు కనబడదు. అన్నిటికంటె పై శ్రేణి తుపాకి, ఒక్క తూటాయైన పేల్చబడక, పెట్టెలోనే పడియుండి, తొలిపూతతో నిలిచినది. రథమునకు, నాగలికి, వీణకు వాడుకయే సార్థక్యము. వాడబడని వీణను ఎవరును గొప్ప వీణయనరు. రివాల్వరు ఒక్కదానికి మాత్రము స్వధర్మమును నెఱవేర్చకపోవుట పరమస్థితి. సంత దానిని వేఱు కారణమున మెచ్చుచున్నది, నిజమే. అయినను అహింసను నమ్మినవాడు ఆ ధరపట్టికలో తన మాటయే వ్రాసియున్నదని సంతోషింపవచ్చును. సెప్టెంబరు 17న విశ్వకర్మపూజ దినమున ఇక్కడి కర్మాగారపు షాపులలో పూలు పెట్టించుకొను సుత్తియు, పట్టకారును వానివాని అరుగుదలచేతనే పూజ్యములు. ఆ అరుగుదల ఎన్ని కుటుంబముల అన్నమో. దసరానాడు ఆయుధపూజలో పెట్టు పాత తుపాకి మాత్రము అరగకపోయినందులకే పూజ్యము. (ప్రసంగవశమున ఒక మాట: దానికి తడి పసుపు కుంకుమలు అద్ది అట్లే వదలివేయుట మంచిది కాదు, ఆ తేమ క్రింద నీలిపూత తుప్పుగా మాఱును. పొడి అక్షతలు చాలును.)

మరల కొలిమివద్దకు రావలెను. ఉద్దాలకుని మాట అబద్ధమని నేననలేదు. పరమార్థమున ఇనుమే సత్యము. ఇనుమునకు మించిన దొకటి దానికిని సత్యము. కాని శంకరులు వ్యవహారమును వ్యవహారముగానే నిలిపి, జ్ఞానోదయము కానంతవఱకు అందులోని సత్యాసత్యవిభాగమును కాపాడిరి. స్వప్నమునందలి నాణెముతో అంగడిలో బియ్యము కొనరాదు. వెండి నాణెముతో కొనవచ్చును. రెండును బ్రహ్మదృష్టిలో మిథ్యయే. నామరూపములు మిథ్యయను వాక్యమును అడ్డుపెట్టుకొని సంఖ్య మార్చిన తుపాకిని అమ్మువాడు వేదాంతి కాడు. వ్యవహారసత్యమున శుచిగా లేనివానికి పరమార్థసత్యమునం దధికారము రాదన్నది మన శమదమాది సాధనసంపత్తి చెప్పు మాటయే గదా.

కావున ఈ యూర ఏ యింటనైన, తాతగారి కాలపు పెట్టెలో, అట్టి రివాల్వరు దొరకినచో చేయవలసినది ఇది. గరుకుకాగితముతో తోమరాదు, దుకాణమునకు తీసికొనిపోయి క్రొత్తపూత పూయింపరాదు, మరలు త్రిప్పి చూడరాదు. ఆయుధచట్టము ప్రకారము లైసెన్సు లేనివాడు దానిని ఉంచుకొనరాదు గనుక ఆలసింపక పోలీసు స్టేషనునకు తెలిపి అచ్చటనో, లైసెన్సు గల వ్యాపారివద్దనో అప్పగింపవలెను. మరమ్మతు చేసినను పేలదని తేలిన పురాతనాయుధమునకు చట్టములో మినహాయింపు కలదు గాని, పేలునో పేలదో నిర్ణయించు పని యింటివారిది కాదు. అప్పగించునపుడు వెంట ఒక కాగితము ఇయ్యవలెను. అందులో సంఖ్య, గుర్తులు, ఎవరి వస్తువు, ఎవరిద్వారా వచ్చినది, ఏ భాగము మాఱినట్లు తోచుచున్నది, ఇంటిలో చెప్పుకొను కథ యేమి, ఆ కథకు ఆధారము కలదా లేదా, వేఱువేఱుగ వ్రాయవలెను. ఎవరిమీదనైన ప్రయోగింపబడినదని తెలిసినచో ఆ మాటయు, ఆ మనిషి పేరును. కొలిమికి పోవునో ప్రదర్శనశాలకు పోవునో తరువాత అధికారులు నిర్ణయింతురు; నన్నడిగినచో ప్రదర్శనశాలకే పంపుమందును, ఆ కాగితము దానితోపాటే పోవునన్న హామీ దొరకినచో.